చప్పుడు చెయ్యమన్న బాబాయి

బాబాయి పోయారని నేను ఫోన్లు చేసి చెబితే ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదు. వాళ్ళని తప్పుపట్టను. ఈ హిందీ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళలో నా చేతిలో ఏదో ఒకనాడు బోల్తా పడనివాళ్ళు తక్కువ. మా చర్చి సంఘ పెద్దగారు నా గొంతు వినగానే, "ఒరే, పొద్దున్నే నీకేటి పనీపాటా నేదా? పోయిన ఆదివారమే కదా మళ్ళీ నా చెప్పులు దాచీసావు" అని ఫోన్ పెట్టేశారు. పక్కనే దుర్గ్‌లో ఉండే చిన్ననాటి దోస్తు, "అరే యార్, మజాక్‌కి కూడా ఒక హద్దుంటుంది" అని తిట్టాడు. నేను ఒట్టేసి చెప్పేకొద్దీ వాళ్ళకి అనుమానం పెరిగింది. చివరికి ఫోన్ మా ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ మాట్లాడలేక ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక నమ్మారు.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. గోడ సంబంధం. సెక్టర్ 4లో మా క్వార్టరుకీ వాళ్ళ క్వార్టరుకీ మధ్య ఒకటే గోడ. మేం ఇటు మేకు కొడితే అటు వాళ్ళ క్యాలెండర్ ఊగేది. మా నాన్నా ఆయనా శ్రీకాకుళం వైపు పక్కపక్క ఊళ్ళవాళ్ళు. ఇద్దరికీ ఉక్కు ప్లాంటులో, ఇనుము కరిగించే ఒకే ఫర్నేసు దగ్గర పని. ఆదివారం ఒకే చర్చి. అందుకని ఆయన నాకు బాబాయి, ఆయన భార్య పిన్ని.

షిఫ్టు డ్యూటీ ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి నేను చెప్పబోయేది చెప్పకముందే అర్థమైపోతుంది. మిగతావాళ్ళ కోసం చెబుతాను. ఫర్నేసు పగలూ రాత్రీ మండుతూనే ఉండాలి. కాబట్టి దాని దగ్గర పనిచేసే మనిషికి కొన్నాళ్ళు పొద్దుటి డ్యూటీ, కొన్నాళ్ళు మధ్యాహ్నం, కొన్నాళ్ళు రాత్రి. నిద్ర కూడా దాని వెంటే తిరుగుతుంది. మిట్టమధ్యాహ్నం బయట ఎండ పేలిపోతుంటుంది. లోపలి గదిలో కిటికీకి దుప్పటి కట్టి, ముఖం మీద తువ్వాలు కప్పుకుని ఒక మనిషి నిద్రపోతుంటాడు. ఆ మనిషి పేరు నాన్న.

మా అమ్మ నోట నేను అన్నిటికంటే ఎక్కువగా విన్న మాట, "ష్! నాన్న తొంగున్నారు." తొంగోవడమంటే పడుకోవడం, మా వైపు మాట. గిన్నె జారితే ష్. తలుపు కిర్రుమంటే ష్. నవ్వొస్తే పెరట్లోకి పరిగెత్తి నవ్వుకుని రావాలి. మా నాన్న నన్ను కొట్టింది లేదు, కసిరింది లేదు. అయినా ఆయనంటే నాకు భయం. చీకటి గది, ముఖం మీద తువ్వాలు, దుప్పటి చివర బయటికొచ్చిన రెండు పాదాలు. ఆ పాదాలు కదిలితే ఏమవుతుందో నాకు తెలీదు. తెలుసుకునే ధైర్యమూ చెయ్యలేదు.

బాబాయిదీ అదే డ్యూటీ, అదే అలసట. కానీ ఆయన గది కిటికీ ఎప్పుడూ తెరిచే ఉండేది.

మా లైన్లో ఏ ఇంటి ముందు ఆడినా ఎవరో ఒకరు తరిమేవారు. బాబాయి ఒక్కరే పిలిచేవారు. "ఒరే గుంటల్లారా, అక్కడేటి సేస్తన్నారు? నా కిటికీ కిందకొచ్చి ఆడండి. సప్పుడు నేకపోతే నాకు నిద్దరట్టదు."

మొదట మేం నమ్మలేదు. నిద్రపోయే పెద్దవాళ్ళు మా లెక్కలో తేళ్ళలాంటివాళ్ళు, తాకకుండా దాటిపోవాలి. నాలో దెయ్యం ఊరుకుంటుందా? ఒక మధ్యాహ్నం కిటికీ కింద నిలబడి, రెండు చేతులూ నోటి దగ్గర దొప్పలా పెట్టి, ప్లాంటు సైరన్ కూశాను. అచ్చం సైరనే. గొంతులో నరాలు తెగేదాకా కూశాను. మిగతా పిల్లలు చెల్లాచెదురైపోయారు. కిటికీలోంచి బాబాయి తల బయటికొచ్చింది. జుట్టంతా చెదిరి, కళ్ళు సగం మూసుకుపోయి ఉన్నాయి.

"ఎవుడ్రా అది కూసింది?"

"నేనే బాబాయి."

"బాగుంది. ఆకర్న ఇంకా సాగదియ్యాల. మళ్ళీ కుయ్యి."

మళ్ళీ కూశాను. ఆయన శ్రద్ధగా విని, "అదీ!" అని వెళ్ళి పడుకున్నారు.

ఆ దంపతులకి పిల్లలు లేరు. కాస్త పెద్దయ్యాక, నా నోటికి అదుపుండదు కనుక, అడిగేశాను. "బాబాయి, నువ్వు రోజూ దేవుడితో మాట్లాడతావు కదా, పిల్లలు కావాలని అడగలేదా?"

"అడక్కేటి? సానాళ్ళు అడిగాను. ఏడిసి అడిగాను. అడిగిందల్లా ఇచ్చీడానికి ఆయన కొట్టు ఎట్టుకు కూకున్నాడేటి? నాన్న కదా. ఇవ్వనేదు. తరవాత మీరంతా ఒచ్చీసారు." వంటింటి వైపు చూసి అన్నారు, "ఇంత అల్లరోళ్ళని మాత్రం నాను అడగనేదు."

పిన్ని వంటింట్లోంచి నవ్వింది. ఆ నవ్వులో ఏముందో అప్పుడు నాకు పట్టలేదు. పిల్లలు లేని మనిషి, ఇవ్వనివాణ్ణే నాన్నా అని అంత చనువుగా పిలవడం ఎంత పెద్ద సంగతో, నా తల నెరిశాక అర్థమైంది.

చర్చిలో పిల్లలకి సండే స్కూలు పాఠం చెప్పేది ఆయనే. ఒకసారి తుఫాను కథ చెప్పారు. పడవలో యేసుప్రభువు అలిసిపోయి నిద్రపోతున్నాడు, గాలి లేచింది, పడవలోకి నీళ్ళొచ్చేస్తున్నాయి, శిష్యులు హడలిపోయి ఆయన్ని లేపారు. నేను చెయ్యెత్తాను.

"బాబాయి, లేపినందుకు వాళ్ళని కొట్టారా?"

పిల్లలందరూ ఘొల్లుమన్నారు. నేను నవ్వించడానికే అడిగానని వాళ్ళనుకున్నారు. బాబాయి నవ్వలేదు.

"తుపానుని కసిరాడు గానీ లేపినోళ్ళని కొట్టనేదురా. ఎందుకర్రా అంత బయం అన్నాడంతే."

"అంత అలిసిపోయినాయన్ని లేపొచ్చా మరి?"

"లేపొచ్చు" అన్నారు. ఆ తర్వాత నావైపు కాసేపు అలాగే చూశారు. ఆ చూపు ఇప్పటికీ నా మీద ఉన్నట్టే ఉంటుంది.

ఆ వారం చివర్న గోడ దగ్గర నన్ను పిలిచారు. "ఆదివారం పొద్దున్న నైటు డ్యూటీ దిగొచ్చి తొంగుంటాను. సండే స్కూలు వేళకి నువ్వొచ్చి నన్ను లేపాల. పిన్నికి సెప్పీసాను, ఆవిడ లేపదు. నువ్వు లేపితేనే పాఠం. నేకపోతే నేదు."

నిద్రపోతున్న మగమనిషిని లేపడం! పులి మెడలో గంట కట్టమన్నట్టుంది నాకు. ఆదివారం చెప్పులు విప్పి, పిల్లిలా గదిలోకి వెళ్ళాను. తెరిచిన కిటికీలోంచి వచ్చిన వెలుతురు ఆయన ముఖం మీదే పడుతోంది. తువ్వాలు లేదు. నిద్రపోతున్న పెద్దవాడి ముఖాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదలు. కనుబొమల్లో నల్లటి దుమ్ము ఇంకా మిగిలే ఉంది. పిలుద్దామని నోరు తెరిచాను. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. పిన్ని వంటింట్లో కూర తరుగుతూ తల తిప్పి చూసి, మళ్ళీ తన పనిలో పడింది. వెళ్ళిపోదామనుకున్నాను. వెళ్ళలేకపోయాను. ఆఖరికి ఈగ కూడా వినలేనంత మెల్లిగా, "బాబాయి" అన్నాను.

కళ్ళు తెరవకుండానే అన్నారు, "నువ్వు గుమ్మంలో సెప్పులిప్పిన కాణ్ణించీ ఇంటన్నాను. ఇంతసేపేట్రా?"

"తొంగున్నావు కదా అని."

"కళ్ళు తొంగుంటాయి. సెవులు తొంగోవు. నాకంతే, మీ నాన్నకంతే, పైనున్నాయనకీ అంతే."

అంతసేపూ ఒంటరిగా నిలబడ్డాననుకున్నాను. ఒంటరిగా లేనని తెలిసింది, అంతే.

కానీ ఇంటికి వెళ్ళగానే మళ్ళీ ష్. గోడకి అటు నేర్చుకున్నది గోడకి ఇటు పనిచెయ్యలేదు. చర్చిలో ప్రభువు నేర్పిన ప్రార్థన అందరూ కలిసి చెప్పేటప్పుడు, మొదట్లోనే వచ్చే తండ్రి అన్న మాట మాత్రం నేను అనేవాణ్ణి కాదు. పెదాలు ఆడించి ఊరుకునేవాణ్ణి. దేవుడంటే నమ్మకం లేక కాదు. ఆయన ఉన్నాడు. లోపలి గదిలో ఉన్నాడు. లేపకూడదు. పెళ్ళయ్యాక కూడా, పిల్లలు పుట్టాక కూడా నాది ఇదే గోల. ఊరంతా నన్ను వాగుడుకాయ అంటుంది. పిలవాల్సిన ఒక్క పిలుపు మాత్రం నా వల్ల కాలేదు.

బాబాయి ప్రార్థన చూస్తే నాకు మరీ ఆశ్చర్యంగా ఉండేది. మొదలుపెట్టే ముందు కళ్ళద్దాలు తీసేసేవారు. ఎందుకని అడిగితే, "ఆయన్ని నాను సూడ్డానికి ఎల్తన్నానేటి? ఆయనే నన్ను సూస్తాడు" అనేవారు. తర్వాత పక్కింటి గోడ మీంచి మాట్లాడినట్టు మొదలయ్యేది. నాన్నా, మోకాలు నొప్పి తగ్గనేదు. నాన్నా, ఇవాళ సేపలు బాగునేవు, ఆ మార్కెట్టోడికి కాస్త బుద్ధియ్యి. నాన్నా, ఆ పక్కింటి గుంటడు మళ్ళీ తప్పాడు, ఆడి తల్లి ఏడస్తంది. ఆ పక్కింటి గుంటడు నేనే. పదో తరగతి పరీక్ష నేను తప్పిన ప్రతిసారీ ఆ సమాచారం నాకంటే ముందు పరలోకానికి చేరేది.

సంఘ పెద్దగారికి ఇది బొత్తిగా గిట్టేది కాదు. ఒకసారి ఆరాధన అయ్యాక ఆపి మరీ అన్నారు. "చూడు బాబూ, దేవుడు మహోన్నతుడు. ఆయన ముందు చేపల సంగతి ఏవిటి? మాటకో మర్యాద ఉండాలి."

"నిజమేనండి" అన్నారు బాబాయి వినయంగా. "మరి మీ అబ్బాయి ఇంటికొచ్చి, ఓ మహోన్నతుడవైన పితా, నాకు బూట్లు దయచేయుము అంటాడేటండి?"

పెద్దగారికి కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. "వాడా? వాడికి తెలుగే రాదు. పప్పా, పైసే దో అంటాడు."

"ఇచ్చీస్తారు కదండి మరి."

చనువు చూసి ఆయనకి దేవుడంటే భయభక్తులు లేవనుకుంటే పొరపాటే. ఫర్నేసు నోరు తెరిచి కరిగిన ఇనుము కాలువలో పారే సంగతి ఆయన నోట వినాలి. ఎన్నేళ్ళు చూసినా అలవాటు కాలేదనేవారు. "అది ఒస్తంటే ఎదురుగా నిలబడి సూళ్ళేమురా. మొగం తిప్పీసుకోవాల. సూరీడు నేల మీద పాకతన్నట్టుంటాది. ఆ ఎర్రదనం ఆయన సిటికెనేలు గోరనుకో. అంతే, గోరు. ఆ ఏలే మళ్ళీ పొద్దున్న వణుకుతన్న నా సేతికి సొక్కా గుండీ పెడతాది. దేనికి ఎక్కువ దడుసుకోవాలో నాకు తెలీదు." ఈ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గిపోయేది.

చదువు నన్ను వదిలేశాక మైకు సెట్లూ లైట్లూ అద్దెకిచ్చే దుకాణం పెట్టాను. పెళ్ళిళ్ళకీ, గణపతి పందిళ్ళకీ, చర్చి కూటాలకీ, పక్కనున్న ఉతై ఊరి దాకా నా సామాను వెళుతుంది. ష్ అనే ఇంట్లో పుట్టినవాడికి ఇంతకంటే కసి తీరే వ్యాపారం ఇంకేముంటుంది? నాన్నా బాబాయీ రిటైరయ్యాక రెండు కుటుంబాలమూ ఈ ఊళ్ళోనే రుఆబాంధాలో ఒకే వీధికి మారాం. అమ్మ పోయింది. ఆవిడ పోయినా ఆవిడ ష్ ఇంట్లో మిగిలిపోయింది. డ్యూటీ లేకపోయినా నాన్న ఒంటికి పగటి నిద్ర అలవాటు పోలేదు. తిన్నావా అంటే తిన్నాను. అంతకు మించి మా ఇద్దరి మధ్య మాటలు నడిచేవి కావు.

అలాంటి నాన్నకి పక్షవాతం కొట్టింది. ఆసుపత్రిలో కళ్ళు తెరవకుండా పడుకున్నారు. డాక్టరమ్మ చిన్నపిల్ల, హిందీలో మెత్తగా చెప్పింది, "భయ్యా, మీరు పిలుస్తూ ఉండండి. ఆయనకి వినబడుతుండొచ్చు." నేను మంచం పక్కన నిలబడ్డాను. దుప్పటి చివర రెండు పాదాలు. నాకు నోరు పెగల్లేదు. ఆ పూటా లేదు, మర్నాడూ లేదు. మా ఆవిడ "మామయ్యా, మామయ్యా" అని పిలుస్తుంటే, ఆవిడ్ని ఊరుకోమనబోయాను కూడా.

మధ్యాహ్నం బాబాయి క్యారేజీ పట్టుకుని ఆటోలో వచ్చారు.

"పిలిసావేటి?"

"లేదు బాబాయి."

"ఎందుకు?"

"తొంగున్నారు కదా."

మాట నా నోట్లోంచి వచ్చేశాక నాకే వినబడింది. చెవుల పక్క జుట్టు నెరిసిన మనిషిని. బాబాయి క్యారేజీ కింద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుని, కళ్ళద్దాలు తీశారు. ఒక చెయ్యి నాన్న కాలి మీద వేశారు.

"నాన్నా, ఈడి గొంతు ఎక్కడో ఇరుక్కుపోనాది. ఊరంతా మైకులెట్టి అరుస్తాడు, ఇక్కడ కూత నేదు. కాస్త సూడు."

ప్రార్థన అంతే. ఆమెన్ కూడా అనలేదు. నావైపు తిరిగారు.

"మీ క్వార్టర్లో మీ నాన్న మంచం ఏ గోడకుండేదిరా?"

"మీ కిటికీ వైపు బయటి గోడకి."

"అది ఎండగోడ. మజ్జేన్నం సెయ్యెడితే కాలీది. సల్లటి గోడ ఒగ్గీసి ఎండగోడకేసుకుని ఎందుకు తొంగున్నాడు?"

నాకు తెలీదు. నేనెప్పుడూ ఆలోచించలేదు.

"ఆ గోడ పక్కనే కదా నా కిటికీ. నువ్వు అక్కడాడితే నీ గొంతు ఇనబడతాదని. ఒకనాడు డ్యూటీ దిగి సైకిళ్ళ మీదొస్తంటే నన్నడిగాడు. 'తమ్ముడూ, మా ఇంటిదాని బయం దానిది, నాను కాదన్లేను. గుంటడి గొంతు నాకు ఇనబడకండా పోతంది. నీ కిటికీ కింద ఆడించవేటి' అన్నాడు."

"మరి చప్పుడు లేకపోతే నిద్ర పట్టదన్నావు?"

"సప్పుట్లో ఎవుడికి పడతాదిరా నిద్దర? సెవుల్లో దూదెట్టుకుని తొంగున్నాను. నువ్వు సైరన్ కూసిన్నాడు ఆ దూది కూడా ఆగనేదు." ఆయనకి నవ్వాగలేదు. "మీ నాన్న నిజమనుకుని లేచి ప్యాంటేసీసుకున్నాడు. తరవాత తెలిసి, ఆ రేత్రి డ్యూటీకెల్తన్నప్పుడు దారంతా నవ్వుతానే ఉన్నాడు. 'నా కొడుకే, తమ్ముడూ, నా కొడుకే' అని."

ఊరందరినీ నేను ఆటపట్టించాననుకుంటూ తిరిగాను. ఈ ఇద్దరూ కలిసి నా చిన్నతనమంతా నన్ను ఆటపట్టించారు.

"మరి అమ్మ..." అన్నాను.

"మీ అమ్మని ఏటీ అనకు. నిద్దర సాలక ఆ ఫర్నేసు ముందు కునికితే మనిషి మిగల్డు. ఆవిడ పేనం గుప్పెట్లో ఎట్టుకుని ష్ అంది. అది పేమేరా. కానీ ష్ అన్నది మీ నాన్న కాదు. ఒక్కనాడూ కాదు."

"నాన్నా" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఏమీ జరగలేదు. బాబాయి ఆగమనలేదు, చాలనలేదు. "నాన్నా!" అన్నాను మళ్ళీ, నర్సు తిరిగి చూసేంత గట్టిగా. మా నాన్న కళ్ళు తెరవలేదు. గొంతులోంచి, ఎక్కడో బావి అడుగునుంచి వచ్చినట్టు, "ఊఁ" అన్నారు.

కథ చెబుతుంటే ఊ కొడతారే, ఆ ఊఁ. చెప్పు, వింటున్నాను అన్న ఊఁ.

నేను నేల మీద కూలబడి చెప్పడం మొదలుపెట్టాను. సైరన్ గురించి చెప్పాను. పెద్దగారి చెప్పుల గురించి, దుకాణం గురించి, మా అమ్మాయి నాలాగే క్లాసులో టీచర్ల గొంతులు అనుకరించి దొరికిపోయిన సంగతీ చెప్పాను. ఆగి ఆగి ఊఁ అంటూనే ఉన్నారు. చెప్పడం అయిపోతే ఆ ఊఁ ఆగిపోతుందేమోనని, లేనివి కూడా కల్పించి చెప్పాను. బాబాయి స్టూలు మీద కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. చాలాసేపటికి, నాతోనో తనతోనో, అన్నారు.

"పైనున్నాయనా ఇంతేరా. మనకి కనబడడు, కళ్ళు తెరవడు అనుకుంటాం. సెప్తంటే ఊఁ కొడతానే ఉంటాడు."

చదివేవాళ్ళారా, నాకు వేదాంతం రాదు. వాక్యం మీద ప్రసంగం చెయ్యమంటే పారిపోతాను. ఆ మధ్యాహ్నం నాకు తెలిసింది ఇంతే. దేవుడి గది ముందు నిలబడి ష్ అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఆయనంటే ప్రేమతోనే, భయంతోనే అంటారు. కానీ ఆ మాట ఆయనది కాదు. సూర్యుణ్ణి వెలిగించి ఆపకుండా మండిస్తున్నవాడు, మంచాన్ని ఎండగోడకి వేసుకుని, నా గొంతు కోసం చెవులొగ్గి పడుకున్నాడు. ఇంత పెద్దవాడికి నా సొద ఎందుకు? ఎందుకో తెలీదు. ఆయనకి కావాలి. అంతే.

నాన్న ఎక్కువ రోజులు ఉండలేదు. పోయేలోపు నా కబుర్లన్నీ విని పోయారు. ఆ తర్వాతే నేను దేవుణ్ణి నాన్నా అనడం మొదలుపెట్టాను. మొదట సామాను బండి నడుపుతూ, ఎవరూ లేనప్పుడు. తర్వాత ఎవరున్నా కూడా. నా ప్రార్థనల్లో సగం వెటకారమే ఉంటుంది. ఒకసారి భయమేసి బాబాయిని అడిగాను, "ఇలా మాట్లాడితే ఆయనకి కోపం రాదా?" "ఆయనకి నవ్వడం రాకపోతే నిన్నెందుకు పుట్టిస్తాడ్రా?" అన్నారు. అంతకంటే పెద్ద ఆశీర్వాదం నాకు ఎవరూ ఇవ్వలేదు.

బాబాయి పోయిన రోజు పొద్దున్న కాఫీ తాగి వరండాలో కూర్చున్నారట. పిన్ని చెప్పింది, "అద్దాలు తీసి ఒళ్ళో ఎట్టుకున్నాడు. పైనున్నాయనతో మాటాడతన్నాడనుకున్నాను బాబూ. ఎంతకీ అవ్వనేదు. ఇవాళ సానా కబుర్లున్నాయి కాబోలనుకున్నాను." ఈ మాట చెబుతూ ఆవిడ ఏడవలేదు. ఆశ్చర్యపోతున్నట్టుగా చెప్పింది, అంతే.

సమాధి తోటలో పాస్టరుగారి ప్రార్థన అయ్యాక పిన్ని నావైపు చూపించింది, ఈడు చెయ్యాలని. సంఘ పెద్దగారు గబగబా నా పక్కకొచ్చారు. నా చెవి దగ్గర, "ఒరే, ఇక్కడ వేషాలెయ్యకు, నీకు దండం పెడతాను" అన్నారు. నేను ముందుకెళ్ళాను. అంతమంది. నాకు మైకు అక్కర్లేకపోయింది.

"నాన్నా" అన్నాను. "బాబాయి వచ్చేశారు. నీకు తెలుసనుకో, అయినా చెబుతున్నాను. ఈయనకి పిల్లల్నివ్వలేదు నువ్వు. ఇక్కడ చూడు, ఎంతమంది ఏడుస్తున్నారో. లెక్క నీ దగ్గరే ఉంటుంది. మాకు ఇప్పుడు బెంగగా ఉంది. పిన్నికి ఇంట్లో ఒక్కర్తికీ చప్పుడు లేకుండా ఉంటుంది. మేం వెళ్తూ ఉంటాం, నువ్వూ వెళ్ళు. ఇంకేం చెప్పాలో తెలీటం లేదు నాన్నా. వింటున్నావుగా, చాలు."

అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది సంఘ పెద్దగారే.

తిరిగొచ్చేసరికి మసకచీకటి పడుతోంది. సిగ్నల్ దగ్గర బండి ఆపాను. ప్లాంటులో కరిగిన చిట్టెం, స్లాగు అంటాం, ఒంపుతున్నట్టున్నారు, ఆకాశం ఆ మూలంతా ఒక్కసారిగా నారింజరంగుకి తిరిగింది. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళం, మేమెవరం తలెత్తి చూడం. నా ముందు ఒక స్కూటర్, డ్యూటీ దిగి వస్తున్న మనిషిలా ఉన్నాడు, చొక్కా వీపంతా చెమట ఎండి తెల్లబడి ఉంది. అతని ముందు, హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డ చిన్నపిల్ల ఆ వెలుగు చూసి ఎగిరింది. ఒక చేత్తో ఆకాశం వైపు చూపిస్తూ, రెండో చేత్తో అతని గడ్డం పట్టుకుని తనవైపు లాగుతూ, హారన్లన్నిటి మీదుగా కేక పెట్టి ఏదో చెబుతోంది. అతను ఏమన్నాడో నాకు వినబడలేదు. తల మాత్రం వంచాడు, చెవి ఆ పిల్ల నోటికి ఆనేదాకా. పచ్చలైటు పడింది. వెనక బండ్లు అరుస్తున్నాయి. అతను తల ఎత్తలేదు.